మూడో చెయ్యి

కాదు. ముమ్మాటికీ కాదు. ఇది నేను కత్తిరించింది కాదు చెల్లీ, ఇంకెవరో కత్తిరించి మన కొట్లో పడేసి పోయుంటారు.

అలా మిషనుకేసి తల దించుకుంటావేం? ఇటు చూడు. ఇదిగో, ఈ ముక్క. నీ మిషను కింద మూటలో దొరికింది. నా బల్ల కింద కాదు, నీ మిషను కింద!

నేనేం నీ మూట దోచుకోడానికి రాలేదమ్మా. భుజాల్లో పెట్టే మెత్తలకి పాతగుడ్డ కావలసి వచ్చి చెయ్యి పెట్టాను. మెత్తగా పిల్లిపిల్లలా తగిలింది. అమ్మో అనుకుని చెయ్యి లాక్కున్నాను, మళ్ళీ పెట్టాను, లాగాను. మఖమల్! ముదురెరుపు మఖమల్! మన బ్యాండు మాస్టరు కోటు గుడ్డ. నిక్షేపంలాంటి గుడ్డ, అందులోనూ కోసిన చెయ్యి, భుజం వంపుతో సహా. మూటలో ఏం చేస్తోందే ఇది?

కోటు వెళ్ళిపోయింది కదా. రెండు చేతులతోనే వెళ్ళింది కదా. మాస్టరు ఆ కోటు తొడుక్కుని ఈ గదిలోనే గిర్రున తిరిగి, బాకా ఊదినట్టు బుగ్గలు పూరించి, "పెద్దమ్మగారూ, మీ చెయ్యి పడితే ఆ తీరే వేరు" అన్నాడు కదా. నేను వీధి వీధంతా చాటుకున్నాను కదా. ఎదురింటి మంగలికి చెప్పాను. కింద సైకిళ్ళు బాగుచేసే అతనికి చెప్పాను. దారినపోయే కుక్కకి కూడా చెప్పాను, అది తోకాడించింది.

మరి ఈ మూడో చెయ్యి ఎక్కడిది? మాస్టరుకి మూడు చేతులున్నాయా? ఒకటి బాకా పట్టుకోడానికి, ఒకటి మీట నొక్కడానికి, ఒకటి మీసం మెలేసుకోడానికీనా?

నవ్వవేం? మామూలుగా అయితే ఈ మాటకి నీ పెదవి చివర కాస్త వంకర తిరిగేది. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు. సరే, నువ్వెప్పుడూ అంతే అనుకో. మనిద్దరం ఒకే ఇంటి అన్నదమ్ముల్ని చేసుకుని, ఒకే గుమ్మంలో అడుగుపెట్టి, ఒకే కొట్లో ఈ బల్లకి నేనూ ఆ మిషనుకి నువ్వూ కాపలా కాస్తున్నాం. ఇన్నేళ్ళలో నువ్వు మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక గుప్పెడు కావు. నేను మాట్లాడినవి మూట కడితే ఏడు ఓడలు మునుగుతాయి.

ఎక్కడున్నాను? ఆఁ, చెయ్యి.

తిరగేసి చూశాలే. వెనకవైపు, నూగు లేని వైపు, భుజం వంపు దగ్గర సుద్దతో చిన్న నెలవంక ఉంది. ఆ నెలవంక ఈ ఊళ్ళో ఇంకెవరు గీస్తారే? నా గురువు ఇచ్చిన గుర్తు అది. కాబట్టి నేనే కోశాను. ఒప్పుకున్నాను. సంతోషమా?

ఇంకొకటి కూడా చూశాను. నా ఒంటికి పెట్టి చూసుకున్నాను. ముందువైపు లోతు, వెనకవైపు కాస్త కండ. ఇది కుడిచెయ్యి. కోటుకున్నది ఒక కుడిచెయ్యి, ఇది ఇంకో కుడిచెయ్యి. అంటే నేను ఆ రోజు కోసినవి రెండూ కుడిచేతులే.

ఇది ఎవరు చేస్తారే? సూది పట్టడం మొదలెట్టిన పిల్లలు చేస్తారు. గుడ్డ మడతేసి రెండు పొరలూ ఒకేసారి కోస్తే ఒకటి కుడి, ఒకటి ఎడమ వాటంతటవే వచ్చేస్తాయి. గుడ్డివాళ్ళు కోసినా వస్తాయి. నిద్రలో కోసినా వస్తాయి. విప్పిన గుడ్డమీద అదే వాటంలో ఒకదాని పక్కన ఒకటి కోస్తేనే ఇలా రెండూ ఒకవైపువి అవుతాయి. మామూలు గుడ్డయితే తిరగేసి కుట్టి మాయ చేసేవాళ్ళం. మఖమల్‌ని ఎలా తిరగేస్తాం? ఒకవైపు నూగు, ఒకవైపు బోడి.

మరి ఎడమచెయ్యి నువ్వే కోశావన్నమాట. నాకు తెలియకుండా. మిగిలిన ముక్కల్లోంచి లాగి, చాలనిచోట చంక కింద అతుకు వేసి, నూగు కలిపి దువ్వి, చచ్చినా కనబడకుండా కుట్టేశావు. నేను భోజనానికి ఇంటికెళ్ళినప్పుడా? నేను కుర్చీలో కునికిపాట్లు పడుతున్నప్పుడా?

నీ మీద కోపం కాదే. కోపమే. కాదు, కోపం కాదు. ఉండు, కూర్చుంటాను. నిలబడితే ఈ కాళ్ళు నావి కావన్నట్టున్నాయి.

చూశావా, అలా అన్నాననుకో, నువ్వు కూడా నమ్మవు.

అదే నా ఖర్మ. పుట్టిన దగ్గర్నుంచీ గోరంతలు కొండంతలు చేశాను. చీమ కుడితే పాము అన్నాను. జలుబు చేస్తే ఆయువు తీరిందన్నాను. మీ బావగారు బతికున్న రోజుల్లో నేను "చచ్చిపోయాను బాబోయ్" అంటే ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా "టీ పెట్టేసి చావు" అనేవారు. చేతిలో కత్తెరతో కోతలు, నోటితో కోతలు, రెండిట్లోనూ నేనే మేటినని ఆయనే అందరికీ చెప్పుకునేవారు, పాపం మురిసిపోతూ.

అందరూ నవ్వేవాళ్ళు. నాకు అదే కావాలి. మనిషి నవ్వితే కొలత బాగా వస్తుంది తెలుసా? బిగుసుకుని నిలబడ్డవాడి భుజం ఒకలా ఉంటుంది, నవ్వుతున్నవాడి భుజం ఇంకోలా ఉంటుంది. నేను ఎందరిని నవ్వించి కొలిచానో! సగం దేశానికి నేనే కోట్లు కోశాను. సరే, సగం కాదు. పావు.

ఇప్పుడు నిజంగా అలిసిపోయాను. ఆ మాట ఎవరికి చెప్పనే?

మొన్న మా అమ్మాయితో అన్నాను. "పొద్దున్నే మొహం కడుక్కుని మంచం మీద కూర్చుంటే, కొండ పిండి చేసి వచ్చినట్టుందే" అన్నాను. అది ఏమందో తెలుసా? "అమ్మా, నీకు ఆవలింతొచ్చినా భూకంపమే" అంది. అని, నవ్వి, వాళ్ళ బడికి వెళ్ళిపోయింది. హెడ్మిస్ట్రెస్ కదా, దానికి టైమే టైము. దాన్నని ఏం లాభం? నేను పెంచిన పిల్లే, నా మాటల్లో నూటికి తొంభై కొట్టేసి వినడం నా దగ్గరే నేర్చుకుంది.

నీకు చెప్తా విను. నొప్పి కాదే ఇది. నొప్పయితే మూలగొచ్చు, ఫలానా చోట అని వేలు పెట్టి చూపించొచ్చు. ఇది ఎక్కడా లేదు, అంతటా ఉంది. దువ్వెన ఎత్తుతాను. సగం జుట్టు దువ్వేసరికి చెయ్యి తనంతట తాను ఒళ్ళో పడిపోతుంది. మిగతా సగం అలాగే వదిలేసి వచ్చేస్తున్నాను. నువ్వు చూశావు. నువ్వు వెనకనించి వచ్చి ఊరికే జుట్టు సవరించినట్టు సవరిస్తున్నావు. నేను గమనించలేదనుకున్నావా?

ఈ మెట్లున్నాయే. ఒకప్పుడు పాటందుకుంటే పల్లవి పూర్తయ్యేలోపు పైకొచ్చేదాన్ని. ఇప్పుడు మలుపు దగ్గర గోడ పట్టుకుని నిలబడి, ఎవరైనా వస్తే గోడమీద సున్నం పెచ్చులు చూస్తున్నట్టు నటిస్తున్నాను. ఆ గోడమీద ప్రతి పెచ్చూ నాకు చుట్టమైపోయింది.

రాత్రి పడుకుంటే ఊపిరాడక దిండు మీద దిండు వేసుకుంటాను. పాదాలు పొంగిన రొట్టెల్లా ఉంటాయి. నీరు పోయే బిళ్ళ వేసుకుంటే, అబ్బో, ఇక చూసుకో, కొళాయీ నేనూ పోటీ.

ఇవన్నీ పొడుగు డాక్టరుకి చెప్పాను. ఇవి చెప్పడం తేలికే, నవ్విస్తూ చెప్పొచ్చు. ఆయన నా గుండె బొమ్మ టీవీలో చూపించాడు, గుర్తుందా, నువ్వూ ఉన్నావు. "కండరం బలహీనపడిందమ్మా, కొట్టుకుంటోంది కానీ కొట్టినప్పుడల్లా పంపాల్సినంత రక్తం పంపడం లేదు" అన్నాడు. నేను "అది కూడా నాలాగే, చప్పుడెక్కువ పని తక్కువ" అన్నాను. ఆయన పడీపడీ నవ్వాడు. అంత పొడుగు మనిషి నవ్వుతుంటే తాటిచెట్టు గాలికి ఊగినట్టుంది.

నవ్వు ఆగాక అడిగాడు కదా. "మరి బుర్ర ఎలా ఉందమ్మా? మర్చిపోవడం, పనిలో తికమక పడటం, ఆలోచన నెమ్మదించడం, అలాంటివేమైనా ఉన్నాయా?" అని.

నేనేమన్నానో నీకు తెలుసు. "నా బుర్రకేం బాబూ! నేను పుట్టినప్పుడు మా అమ్మ పక్కన నిలబడ్డ మంత్రసాని మొహం కూడా గుర్తే. మెల్లకన్ను" అన్నాను.

మళ్ళీ నవ్వాడు. నువ్వు నవ్వలేదు. నువ్వు నాకేసి చూశావు. ఆ చూపు ఇప్పుడు అర్థమవుతోందే. అప్పటికే ఈ మూట నీ మిషను కింద ఉంది.

పక్క గదిలో ఆ అమ్మాయి, వ్యాయామం చేయించే పిల్ల, మూడు మాటలు చెప్పింది. గొడుగు, చేప, తాళం. "ఇవి గుర్తుపెట్టుకోండి అమ్మమ్మా, కాసేపాగి అడుగుతాను" అంది. ఈలోగా ఏదో బొమ్మ గియ్యమంది, వెనక్కి లెక్కపెట్టమంది, చెమటలు పట్టించింది. తర్వాత అడిగింది. గొడుగు అన్నాను. చేప అన్నాను. మూడోది లేదు.

మర్చిపోవడం కాదే అది. మర్చిపోతే నాలుక చివర ఆడుతూ ఉంటుంది, పక్కింటి గుమ్మంలో ఉన్నట్టుంటుంది. ఇది అలా కాదు. అక్కడ అసలు గుమ్మమే లేదు. నున్నటి గోడ.

ఏదో ఒక కోత కోసేద్దామనుకున్నాను. అప్పుడు నువ్వు, ఆ పిల్ల వెనక కుర్చీలో కూర్చుని, ఎటో చూస్తున్నట్టు చూస్తూ, గాలిలో వేళ్ళు ఇలా తిప్పావు. తాళం తీసినట్టు.

"తాళం!" అని అరిచాను. ఆ పిల్ల ఉలిక్కిపడింది. "భలే అమ్మమ్మా" అంది. నేను రాజ్యం గెలిచినట్టు చూశాను. బయటికొచ్చాక ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. నేను నవ్వాను. నువ్వు మంచినీళ్ళు తాగావు.

తప్పు నీది కాదు. నేనూ నీ స్థానంలో ఉంటే తాళం ఏం ఖర్మ, తలుపు కూడా తీసి చూపించేదాన్ని.

ఇదిగో, అలా కళ్ళు తుడుచుకోకు. కంట్లో దారప్పోగు పడిందంటావు, ఇంతసేపూ మిషను తొక్కందే పోగెక్కడిది?

ఆ రోజు ఏం జరిగిందో చెప్పనా? నీకు తెలియనిది ఒకటుంది. నువ్వు ముక్కలు చూశావు, కోసేటప్పుడు నన్ను చూడలేదు. నువ్వు గుండీలు తేవడానికి బజారెళ్ళావు.

గుడ్డ పరిచాను. మడతేశాను. అవునే, మడతేశాను! నా గురువు మాట తప్పలేదు. సుద్ద గీత గీశాను. కత్తెర పెట్టాను. మఖమల్ రెండు పొరలంటే తెలుసుగా, మందంగా, జారుతూ, బతికున్న జంతువుని కోస్తున్నట్టుంటుంది. కత్తెర మూసుకోలేదు. బలం పెట్టాను. మూసుకోలేదు. రెండు చేతులతో నొక్కాను. చెవుల్లో హోరు, కళ్ళముందు నల్లటి చుక్కలు, గుండె ఎక్కడో గొంతులో కొట్టుకుంటోంది. ఈ చేతులతో కంబళ్ళు కోశాను చెల్లీ. తోలు కోశాను. అలాంటిది రెండు పొరలు తెగలేదు.

బల్ల పట్టుకుని నిలబడ్డాను. సరేలే, ఒక్కో పొరా కోద్దాం, రెండోది కోసేముందు గీత తిరగేసి గీస్తే సరి, అంతే కదా అనుకున్నాను. మడత విప్పాను. ఒక చెయ్యి కోశాను. బాగానే వచ్చింది. ఊపిరి తీసుకోడానికి కాసేపు కుర్చీలో కూర్చున్నాను.

లేచి వచ్చాను. బల్లమీద గుడ్డ ఉంది. కోసిన చెయ్యి ఉంది. కత్తెర ఉంది. నేను ఉన్నాను.

ఏదో చెయ్యాలి. ఏదో ఒకటి గుర్తుపెట్టుకున్నాను, రెండోది కోసేముందు. ఏమిటది?

గుమ్మం లేదే. మళ్ళీ అదే నున్నటి గోడ.

కోసిన చెయ్యినే గుడ్డమీద పెట్టి, చుట్టూ గీత గీశాను. ఆ గీతకేసి చూస్తూ నిలబడ్డాను. నేనే గీసిన గీత. అది నాతో ఏమీ చెప్పడం లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ గీత నాతో మాట్లాడుతుంది, ఇక్కడ లోతు, ఇక్కడ వదులు, ఇక్కడ జాగ్రత్త అని. ఆ రోజు అది ఊరికే గీత. పిల్లలు గోడమీద గీసిన గీతలా ఉంది. గీత లోపల కొయ్యాలా, బయట కొయ్యాలా అని కూడా సందేహమొచ్చింది. నాకు! గది వేరే ఎవరిదో గదిలా ఉంది. అద్దంలో టేపు మెళ్ళో వేసుకున్న ముసలమ్మ ఎవరో ఉంది.

తర్వాత చెయ్యి దానంతటది కోసేసింది. కోశాక హాయిగా అనిపించింది. అంతా సవ్యంగా ఉందనిపించింది. నీకు ముక్కలిచ్చి, "చూడు, వెన్నలా కోశాను" అన్నాను. అన్నానా లేదా? అన్నాను. నువ్వు వాటిని ఒకదానిమీద ఒకటి పెట్టి చూశావు. తల ఊపావు.

నేను ఈ తికమక గురించి ఎవరికీ చెప్పలేదు. కల అనుకున్నాను. కోటు బాగా వచ్చింది కదా, మాస్టరు గిర్రున తిరిగాడు కదా, తప్పు జరిగుంటే కోటు రాదు కదా, కాబట్టి తప్పు జరగలేదు. ఆ కోటుని పట్టుకునే ఇన్నాళ్ళూ నిలబడ్డాను తెలుసా? బుర్రలో ఏ కాస్త చీకటి పడ్డా "మఖమల్ కోటు, మఖమల్ కోటు" అని జపం చేసుకున్నాను. ఇప్పుడేమో దాని మూడో చెయ్యి నా చేతిలో ఉంది.

ఇదొక్కటే కాదుగా మూటలో.

నేను చూడలేదనుకున్నావా? ఇదిగో కాలరు, రెండు కొసలూ రెండు పొడుగులు. ఇదిగో ఎవరిదో చొక్కా వీపు, వెనక మెడ కూడా ముందు మెడంత లోతు. ఇది బడిపిల్లల బట్ట. బడులు తెరవకముందు కోసింది కదే ఇది? అప్పటికి నేను బాగానే ఉన్నాను కదా! అప్పటికి నాకు గుండె జబ్బని కూడా తెలియదు, ఊరికే ఆయాసమనుకున్నాం. అప్పటినించా? చెప్పవే. అప్పటినించీ నా వెనక నడుస్తూ ఒక్కొక్కటీ దిద్దుకుంటూ వస్తున్నావా?

తల అడ్డంగా ఊపకు. నిలువుగా ఊపు, పర్వాలేదు.

ఊఁ.

భయమేస్తోందే. అత్తగారు గుర్తొస్తోంది. చివరిరోజుల్లో సొంత కొడుకుని పోస్టుమాననుకుని పట్టుకుని "ఉత్తరాలేమైనా ఉన్నాయా బాబూ" అని అడిగేది. మీ బావగారు రోజూ "ఇవాళేమీ లేవండి, రేపొస్తాయి" అని చెప్పి బాత్రూంలోకెళ్ళి కొళాయి తిప్పుకుని ఏడ్చేవారు. నేను బయట నిలబడి వినేదాన్ని. అది నాకూ వస్తోందా? నిన్ను కూడా ఏదో రోజు గుండీలమ్మే మనిషివనుకుంటానా?

ఆ వ్యాయామం పిల్ల ఒక మాటంది, గుర్తుందా? నేను విననట్టు నటించాను, అక్షరం పొల్లుపోకుండా విన్నాను. "గుండె బలహీనంగా ఉన్నవాళ్ళలో కొందరికి అలసటతోపాటు ఆలోచన కూడా మందగిస్తుంది అమ్మమ్మా. కొన్నిసార్లు మందులు మార్చడం, కొంచెం కొంచెం నడక, నిద్ర సరిచేయడం, వీటితో కాస్త నయమవుతుంది. కొన్నిసార్లు వేరే కారణం ఉంటుంది. ఏదైనా చెప్తేనే తెలుస్తుంది, దాచకండి" అంది. ఎంత మెత్తగా చెప్పిందో. నేను "నా దగ్గర దాచడానికేముందమ్మా, నగలా" అన్నాను.

అంటే చెల్లీ, ఇది అత్తగారిది కాకపోవచ్చు. గుండెదే కావచ్చు. దిద్దుకోగలిగేదే కావచ్చు. కాకపోవచ్చు కూడా. కానీ డాక్టరుకి మూడో చెయ్యి సంగతి తెలియదే! ఆయన కాగితం మీద నేను గొడుగు, చేప, తాళం అన్నీ చెప్పిన మేధావిని.

చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. మా అమ్మాయి కత్తెర బీరువాలో పెడుతుంది. "ఇక చాలమ్మా, విశ్రాంతి తీసుకో" అంటుంది. కిటికీ పక్కన కుర్చీ వేస్తుంది. ఆ కుర్చీలో నేను ఏం చెయ్యాలే? పోయేవాళ్ళ వీపులు చూస్తూ ఎవడి కోటు ఎక్కడ ఎగదన్నిందో లెక్కపెట్టాలా? కత్తెర లేకపోతే నేనెవర్ని? ఊరికే పెద్ద నోరున్న ముసలిదాన్ని.

చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. నువ్వు ఇంకో మూట కడతావు. ఆ తర్వాత ఇంకో మూట. ఒకరోజు నేను గుడ్డ బదులు నా వేళ్ళు కోసుకుంటాను. లేకపోతే నీ మిషను దగ్గరికొచ్చి "ఎవరమ్మా నువ్వు" అంటాను.

నువ్వెందుకు దాచావే? నా కత్తెర పోతుందనా? లేక... నేను ఇంట్లో కూర్చుంటే ఈ గదిలో ఎవరూ మాట్లాడరనా?

సరే, సరే. అడగనులే. ముక్కు తుడుచుకో. నీ ఏడుపు కూడా చప్పుడు లేకుండా ఏడుస్తావు, నీకో దండం. నేనేడిస్తే కింద సైకిళ్ళతను పరుగెత్తుకొస్తాడు.

అదిగో హారను. మా హెడ్మిస్ట్రెస్ వచ్చేసింది. ఇవాళ మళ్ళీ పొడుగు డాక్టరు దగ్గరికి కదా. విను, గబగబా చెప్తాను.

నేను సాదాగా చెప్పడానికి ప్రయత్నం చేశానే. పొద్దున్న అద్దం ముందు నిలబడి సాధన చేశాను. "డాక్టరుగారూ, నాకు అలసటగా ఉంది. పని మధ్యలో ఏం చేస్తున్నానో తెలియడం లేదు." అంతే కదా, రెండు ముక్కలు. మొదటి ముక్క నోట్లోంచి వచ్చీ రాకముందే "ఏనుగు గుండెలమీద కూర్చుని వేరుశనక్కాయలు తింటున్నట్టుంది" అనేశాను. నా నోరు నా మాట వినదు. ఆయన నవ్వుతాడు. ఆయన నవ్వితే నాకు బాగుంటుంది. బాగుంటే ఇంకోటి చెప్తాను. అంతటితో లేచి వచ్చేస్తాం.

అందుకని ఇవాళ నువ్వు చెప్పు.

అవును, నువ్వే. కంగారు పడకు. నువ్వు నోరు విప్పితే చాలు, జనం గడియారం ఆపి వింటారు. మా అమ్మాయి కూడా వింటుంది, "పిన్ని మాట్లాడిందా!" అని. నా మాటకి విలువ లేదు, ఎక్కువగా వాడేశాను. నీది మడత కూడా నలగలేదు.

ఈ చెయ్యి సంచిలో పెట్టు. ఆయన బల్లమీద పరిచి చూపించు. ఇది కుడిచెయ్యి, ఇలాంటివే రెండు కోసింది, రెండు పొరలు కోసే బలం లేక ఒక్కో పొరా కోసింది, మధ్యలో మర్చిపోయింది అని చెప్పు. కాలరు కూడా పెట్టు. తాళం సంగతి... అది కూడా చెప్పెయ్. నన్ను తిట్టినా సరే. నేను పక్కన నోరు మూసుకుని కూర్చుంటాను. నేను నవ్వించడం మొదలెడితే బల్లకింద కాలు తొక్కు. గట్టిగా తొక్కు, వాపు పాదమని జాలిపడకు.

కత్తెరా? ఇదిగో. మా అమ్మాయి అడిగితే నీ దగ్గరుందని చెప్పు. బీరువాలో కాదు, నీ మిషను సొరుగులో పెట్టుకో. అంత దూరమైతే నేను చూడగలను. అబ్బ, ఎంత బరువుందే ఇది! నిజంగానే అంటున్నా. ఇదివరకు ఇంత బరువుండేది కాదు.

వస్తున్నామే తల్లీ, వస్తున్నాం! హారను అరగదీయకు!

పద. మెట్లు దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకో. కుడిచేతికి గోడ ఉంటుంది, అది నేను చూసుకుంటాను. ఎడమది పట్టుకో.

అలా చూస్తావేం?

ఇదే కదా ఎడమది?

ఏదో ఒకటిలే. పట్టుకో.